దొంగచెవి అని పేరు పెట్టింది నేనే

కాదమ్మలూ, అది కొట్టెయ్. 'మా అత్తకి చెవుడు' అని మొదలెట్టకు. నేను చెప్పదలచుకున్నది చెవుడు గురించి కాదు. ముందు ఇది రాయి. 'నా కూతురు చిన్నప్పుడు అబద్ధం ఆడలేదు. ఆడిందని అన్నది నేను.' రాశావా? ఆ. ఇప్పుడు మిగతాది చెబుతాను. నేను నెమ్మదిగా చెబుతాను, నువ్వు నా మాటకి ముందు పరిగెత్తకు. మీ నాన్నా అంతే, నేను సగం అనేసరికి మిగతా సగం తనే అనేస్తాడు.

ఆ పేరు నీకూ తెలుసు. దొంగచెవి. మొన్న అందరం కలిసి భోజనానికి కూర్చున్నప్పుడు కూడా మీ నాన్న, "ఏమే దొంగచెవీ, ఆ నీళ్ల జగ్గు ఇటు తొయ్యి" అన్నాడు. చెల్లెలికి యాభై వచ్చినా అన్న నోట్లో ఆ పేరే ఉంది. నువ్వు నవ్వావు. మీ అత్తా నవ్వింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆ పేరు పెట్టింది మీ నాన్న కాదు, నేను. నా నోటితో పెట్టింది నా నోటితోనే తీసెయ్యాలి, నేను పోయేలోపల. అందుకే నిన్ను కూర్చోబెట్టాను.

అప్పుడు దానికి ఏడేళ్లు, మీ నాన్నకి పది. గవదబిళ్లలు ముందు మీ నాన్నకి వచ్చాయి, వాడి దగ్గర నుంచి దానికి అంటుకున్నాయి. చెవుల కింద, దవడల పక్కన బంతులు పెట్టినట్టు ఉబ్బిపోయాయి. నమలలేరు, మింగలేరు. మీ నానమ్మ గుడ్డ వెచ్చచేసి ఒకళ్ల తరవాత ఒకళ్లకి కాపడం పెట్టేది. మీ నాన్న నాలుగో రోజుకల్లా లేచి వీధిలో పడ్డాడు. దానికి మాత్రం వాపు తీశాక కూడా కళ్లు తిరిగాయి. మంచం దిగితే గోడ పట్టుకుని నడిచేది. నాలుగడుగులు వేసి వాంతి చేసుకునేది. డాక్టరు చూసి, జ్వరం పడి లేచిన నీరసం అన్నాడు, బలానికి మందిచ్చాడు. వారానికి అదీ తగ్గింది. పిల్లలందరికీ వచ్చే జబ్బే కదా, వచ్చింది, పోయింది అనుకున్నాం. పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో ఎవరం చూసుకోలేదు. ఏడేళ్ల పిల్ల, దానికి మాత్రం ఏం తెలుసు? ఒక చెవిలో మోత ఆగిపోతే రెండోదాంట్లో వినబడుతూనే ఉంటుంది. లోకం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని ఉంటుంది.

మా మోటర్ల షెడ్డు నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందే మూసేశాం. ఇంటి ముందు భాగం షెడ్డు, వెనక రెండు గదులు మేం. నీళ్ల మోటర్లు, పిండిమర మోటర్లు, పాతవి విప్పడం, రాగి తీగ మళ్లీ చుట్టడం, బేరింగులు మార్చడం. పొద్దున ఎనిమిదికి మొదలైతే చీకటి పడేదాకా ఏదో ఒకటి తిరుగుతూనే ఉండేది. ఆ మోతలో మామూలుగా మాట్లాడితే ఎవరికీ వినబడదు. మనింట్లో గుసగుస వీధి చివరికి వినబడుతుందని మీ నానమ్మ వెక్కిరించేది. అందరం అరుచుకునే ఇంట్లో ఒక పిల్ల పలక్కపోతే, దానికి వినబడలేదేమో అని ఎవరికీ తట్టదమ్మలూ. ఒళ్లు కొవ్వెక్కిందనే అనుకుంటారు.

జబ్బు తగ్గిన దగ్గర నుంచీ అదే వరస. ఒక్కోసారి పిలిస్తే ఠక్కున పలికేది. ఒక్కోసారి పక్కనే నిలబడి నాలుగుసార్లు పిలిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఇంకోసారి పిలిస్తే నా వైపు తప్ప మిగతా అన్ని వైపులా చూసేది. తలుపు వైపు చూసేది, పైకి చూసేది, నేను ఎక్కడున్నానో చివరికి కనిపెట్టేది. నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. భోజనాల దగ్గర గోడ వారగా ఎడమ పక్క చోటు కోసం మీ నాన్నతో రోజూ జుట్టూ జుట్టూ పట్టుకునేది. ఆ చోటు దొరక్కపోతే కంచం తీసుకుని లేచిపోయేది. అక్కడ కూర్చుంటే మేమందరం దాని కుడి వైపుకి వస్తాం. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసిందల్లా పిల్లకి మొండితనం పెరుగుతోందని.

అలా ఉండగా ఒకరోజు వాళ్ల పంతులమ్మ షెడ్డుకి వచ్చింది. చీర కొంగుకి గ్రీజు అంటకుండా ఒద్దికగా నిలబడి, మీ అమ్మాయి పాఠం వినడం లేదు, ఎడమ పక్క నుంచి పిలిస్తే అసలు పలకడం లేదు, ఒకసారి చెవులు చూపించండి అని చెప్పింది. మంచిగానే చెప్పింది. నాకే పొగరు అడ్డొచ్చింది. ఎక్కడెక్కడి వాళ్లో మోటర్లు నా దగ్గరికి తెచ్చేది ఎందుకు? విప్పకుండానే లోపల ఏం పోయిందో విని చెబుతానని. నా కూతురి చెవి సంగతి ఇంకొకళ్లు చెప్పాలా? చూపించడమెందుకు, నేనే చూస్తానన్నాను. ఆ మాట దగ్గరే అంతా చెడింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. తిరిగే మోటరు మీద పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి వింటాం. డాక్టరుకి గొట్టం ఎలాగో మాకు అది అలాగ. బేరింగు బాగుంటే సన్నటి ధార ఒకటే సాగుతుంది. అరిగితే గరగర. గ్రీజు ఎండితే కీచు. నేను ఆ పిడి మీద ఆనుకునే నలభై ఏళ్లు బతికాను.

సరే, దాన్ని బల్ల మీద కూర్చోబెట్టాను. కళ్లకి గుడ్డ కట్టాను. మోత వినిపిస్తే చెయ్యెత్తు, ఆగితే దించు అని ముందే చెప్పాను. మిగతా మోటర్లన్నీ ఆపేసి, మోత బయటికి రాని చిన్నదొకటి పెట్టాను. దాని కుడి చెవిని నా బొటనవేలితో గట్టిగా నొక్కి మూశాను. చూడు, నేనేదో ఆషామాషీగా చెయ్యలేదు. పంతులమ్మ అనుమానం ఎడమ చెవి మీద కనక కుడిది మూశాను, అందులోంచి వినకుండా. స్క్రూడ్రైవరు పిడి ఎడమ చెవి వెనక పెట్టాను. కాలితో స్విచ్చి నొక్కాను. చెయ్యెత్తింది. ఆపాను. దించింది. మళ్లీ వేశాను. ఎత్తింది. ఆరుసార్లు, ఏడుసార్లు. ఒక్కసారీ తప్పలేదు. దానికి ఆటలాగా ఉంది, ముసిముసిగా నవ్వుతోంది.

గుడ్డ విప్పాను. శభాష్ అంటాననుకుని నా మొహంలోకి చూసింది.

చెంప మీద ఒక్కటిచ్చాను. "ఇంత సన్న మోత వినబడుతుంటే, గొంతు చించుకుని పిలిస్తే నీకు వినబడదా? దొంగచెవీ!" అన్నాను.

అదీ ఆ పేరు పుట్టిన రోజు. మీ నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. సాయంత్రానికి వీధిలో పిల్లలందరికీ వచ్చేసింది. పంతులమ్మకి మర్నాడు నేనే కబురు పంపాను, చెవులు బాగున్నాయి, నటిస్తే నాలుగు తగిలించండి అని. ఆవిడ తగిలించిందో లేదో నాకు తెలియదు. అది ఎప్పుడూ చెప్పలేదు.

కొంచెం నీళ్లివ్వు.

మీ నానమ్మ మాత్రం ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. దానితో ఏమైనా చెప్పాలంటే చేతిలో పని వదిలేసి, దాని ఎదురుగా వెళ్లి నిలబడి చెప్పేది. ఎందుకలా అంటే, "అలా చెబితే వింటుంది, నాకేం నొప్పి?" అనేది. ఒకసారి, పెద్దాసుపత్రికి తీసుకెళదామా అని అడిగింది. నేను చూశానుగా అన్నాను. నేను చూశానంటే ఇక ఆ ఇంట్లో దానికి తిరుగు లేదు.

దానికి పన్నెండో ఏడు. సెలవు రోజు, మధ్యాహ్నం. నేను ఊళ్లో ఒక పిండిమరకి పని మీద వెళ్లాను, మీ నాన్న ఆటకి పోయాడు. మీ నానమ్మ స్నానాలగదిలో బట్టలు ఉతుకుతూ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కదలలేకపోయింది. కూతుర్ని పిలిచింది. అది ముందుగదిలో చాప మీద పక్కకి ఒత్తిగిలి పుస్తకం చదువుకుంటోంది, కుడి చెవి దిండుకి అదిమేసి. పుస్తకం పట్టుకుంటే ఎప్పుడూ అటే ఒత్తిగిలేది. అలా పడుకుంటే దానికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది కదా. గంటకి పైగా మీ నానమ్మ పిలుస్తూనే ఉంది. అది మంచినీళ్లకని లేచి వెళ్లినప్పుడు చూసిందిట. చెప్పులు కూడా లేకుండా ఎండలో పిండిమర దాకా పరిగెత్తుకొచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ఆసుపత్రి వరండాలో, మా బావగారూ, చెల్లెలూ, పక్కింటివాళ్లూ అందరూ నిలబడి ఉండగా, నేను దానితో ఒక మాట అన్నాను. "అమ్మ చచ్చిపోతున్నా నీ దొంగచెవికి వినబడదే" అన్నాను.

వినబడలేదు నాన్నా అని ఒక్కసారి అంది. నిజంగా వినబడలేదు అని ఇంకోసారి. మూడోసారి అనలేదు. ఆ తరవాత ఏళ్ల తరబడి ఆ మాట ఎత్తలేదు.

మీ నానమ్మ కాలు ఒకటి పొట్టిదైంది. కుంటుతూనే ఇంకో పాతికేళ్లు నడిచింది. ఆ కుంటి అడుగు చప్పుడు షెడ్డులోకి వినబడినప్పుడల్లా నేను ఈ పిల్లవైపు చూసేవాణ్ణి. నోటితో ఏమీ అనేవాణ్ణి కాదు. అనక్కర్లేదు కూడా, అది తల దించుకునేది.

రాస్తున్నావా? కళ్లు తుడుచుకుని రాయి, కాగితం తడుస్తుంది.

షెడ్డుకి ఫోను పెట్టించినప్పుడు దానికి పంతొమ్మిది. ఒకరోజు ఫోను మోగితే తీసింది. కుడి చేత్తో ఏదో పని చేస్తూ, రిసీవరు ఎడమ చెవికి పెట్టుకుంది. ఫోను పాడైంది నాన్నా, ఏం రావడం లేదు అంది. నేను తీసుకుంటే అవతల మనిషి శుభ్రంగా మాట్లాడుతున్నాడు. అది మళ్లీ తీసుకుని కుడి వైపు పెట్టుకుంది, ఎడమ వైపు పెట్టుకుంది, మళ్లీ కుడి వైపు. అలా నాలుగైదుసార్లు మార్చి మార్చి చూసింది. తరవాత వచ్చి నా ఎదురుగా నిలబడింది. మొహం ఎలా ఉందనుకున్నావు? వెలిగిపోతోంది. పన్నెండేళ్లుగా తన మీద ఉన్న నేరం తప్పని ఆధారం దొరికిన మనిషి మొహం అది.

"నాన్నా, నాకీ చెవి అసలు పనిచెయ్యదు. ఇప్పుడే తెలిసింది. నేను నటించలేదు నాన్నా."

షెడ్డులో నలుగురు గిరాకీలు ఉన్నారు. నేను మోటరు మీద నుంచి తల ఎత్తకుండా, "దొంగచెవి మళ్లీ మొదలెట్టింది" అన్నాను. నలుగురూ నవ్వారు.

తనే ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకుంది. ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. గళ్లు, గీతలు, కింద ఇంగ్లీషులో రాత. నాకు తెలుగే కూడబలుక్కుంటేగాని రాదు. ఇదేంటి, చదివి చెప్పమ్మా అని అడగొచ్చు కదా? అడగలేదు. అడిగితే నా స్క్రూడ్రైవరు తప్పవుతుంది. చూస్తాలే అని, రసీదులు గుచ్చే ఇనప తీగకి దాన్నీ గుచ్చాను. అది కొన్నాళ్లు ఆ తీగ వైపు చూస్తూ వెళ్లేది. కాగితం మీద రసీదులు పడ్డాయి, వాటి మీద ఇంకొన్ని పడ్డాయి. షెడ్డు మూసేసినప్పుడు ఆ తీగ తీగలాగే పాత కాగితాలవాడి సంచిలోకి పోయింది. కాగితం తెచ్చిన ఏడాదే దానికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వెళ్లింది. పెళ్లి చేసుకుంది. మమ్మల్ని చూడ్డానికి వచ్చేది, పోయేది. మీ నానమ్మ పోయినప్పుడు పదిహేను రోజులు ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడిక పోయిన నెల సంగతి. మీ నాన్న నన్ను చెవుల పరీక్షకి తీసుకెళ్లాడు కదా. నాకు ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. షెడ్డులో ఒకసారి గాలి కంప్రెసరు ఆ పక్కనే పేలింది, అప్పటి సంగతి. పరీక్ష చేసే అమ్మాయి నీ కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. రెండు కొమ్ముల ఇనప చీలిక ఒకటి మోకాలికి కొట్టి, అది మోగుతుండగా దాని కాడ నా ఎడమ చెవి వెనక ఎముకకి ఆనించింది. వినబడుతోందా తాతగారూ అంది. బ్రహ్మాండంగా అన్నాను. తరవాత అన్ని పరీక్షలూ అయ్యాక, ఎడమ చెవిలో ఏమీ మిగల్లేదని చెప్పింది.

"అదెలా? ఇందాక అక్కడే పెట్టావు, వినబడింది కదమ్మా" అన్నాను.

"ఆ చెవి వినలేదు తాతగారూ. ఎముక ఆ మోతని మోసుకెళ్లి ఈ చెవికి ఇచ్చింది. తల అంతా ఒకటే ఎముక కదా, మోత ఏ వైపు పెట్టినా బాగున్న చెవికి చేరిపోతుంది" అంది.

ఉండమ్మా అన్నాను. మరి ఆ బాగున్న చెవిని వేలితో గట్టిగా మూసేస్తే?

ఇంకా గట్టిగా వినబడుతుంది అంది. కావాలంటే చూడండి అని, చీలిక మళ్లీ మోగించి అక్కడే ఆనించి, నా కుడి చెవిని తన వేలితో మూసింది. మోత పెరిగింది, అమ్మలూ. కుడి చెవిలోనే పెరిగింది. నా బొటనవేలు ఆ రోజు చేసిన పని అదన్నమాట. కళ్లకి గుడ్డతో నవ్వుతూ చెయ్యెత్తిన పిల్ల, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. వినబడింది దానికి, వినే చెవిలోనే. అబద్ధమాడింది స్క్రూడ్రైవరు. దాని మాట పట్టుకుని నేను పిల్లని కొట్టాను.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మీ అత్త సంగతంతా అడిగాను. ఓపిగ్గా చెప్పింది. గవదబిళ్లల జబ్బు కొద్దిమంది పిల్లల్లో చెవి లోపలికి దిగుతుందట. చాలాసార్లు ఒక చెవికే. ఒక్క రోజులోనే పోవచ్చట. కళ్లు తిరగడం, వాంతులు కూడా అందులోవే అయ్యుండొచ్చట. ఒక చెవే ఉంటే ఇంట్లో ఎలాగో నెట్టుకొస్తారు కానీ, చుట్టూ మోత ఉంటే మాట పట్టుకోలేరు, పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు. బయటినుంచి చూస్తే కావాలని చేస్తున్నట్టే ఉంటుంది అంది. ఇప్పుడైతే ముందే టీకా వేస్తారని కూడా చెప్పింది.

అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే బాగయ్యేదా అని అడిగాను. నిజం చెప్పమన్నాను. చెవి తిరిగొచ్చేది కాదేమో తాతగారూ అంది. నాకు కొంచెం ఊపిరాడింది. తరవాత అంది కదా, "కానీ బళ్లో ఏ పక్క కూర్చోబెట్టాలో, ఇంట్లో ఏ పక్కనుంచి పిలవాలో తెలిసేది. అన్నిటికంటే, తప్పు తనది కాదని పాపకి తెలిసేది."

దారిలో మీ నాన్న ఏమైంది నాన్నా అని అడుగుతూనే ఉన్నాడు. గుబిలి తీశారన్నాను.

ఇంటికొచ్చి మీ అత్తకి ఫోన్ చేశాను. ఒక్క చెవి కూతురూ, ఒక్క చెవి తండ్రీ, ఫోన్లో ఒకళ్లనొకళ్లు 'ఆ? ఆ?' అనుకోవడం. మందులు వేసుకుంటున్నారా నాన్నా అంది. వేసుకుంటున్నానన్నాను. ఇంకేంటి నాన్నా అంది. ఏమీ లేదన్నాను. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ ఏమీ లేదనే అన్నాను. కొట్టడానికి చెయ్యి ఎంత సులువుగా లేచిందో! ఈ నాలుగు ముక్కలు అనడానికి నోరు లేవలేదు.

మీ నాన్నకి నిన్న చెప్పాను. ఇక ఆ పేరుతో పిలవనన్నాడు. వాడి సంగతి వాడు చూసుకుంటాడు.

ఇక అయిపోవచ్చింది. 'క్షమించు' అని రాయకు. ఎందుకంటావేంటి, అడిగితే అది వెంటనే 'పర్లేదు నాన్నా' అనేస్తుంది. మీ నానమ్మ పోయిన దగ్గర నుంచీ నేనేమన్నా అదే అంటోంది. ఆ మాట దాని చేత మళ్లీ అనిపించే హక్కు నాకు లేదు. అది చెప్పింది నిజం, నేను నమ్మలేదు. అంతవరకే ఉంచు.

ఆదివారం నువ్వు అక్కడికి వెళ్తున్నావు కదా. ఇది దాని చేతికివ్వకు. అచ్చు తప్పులు దిద్దే పని చేసి చేసి, కాగితం కనబడితే చాలు పెన్సిలు తీస్తుంది. నీ ఒత్తులూ దీర్ఘాలూ దిద్దుతూ, చదవాల్సింది చదవకుండా తప్పించుకుంటుంది. నువ్వే కూర్చుని చదివి వినిపించు. వాళ్లాయన ఉన్నా పర్వాలేదు, ఆయన కూడా విననీ. నలుగురిలో అన్న మాట కదా. మధ్యలో ఆపమంటే ఆపెయ్, బతిమాలకు. కాసేపు ఉండి, మళ్లీ చదవమంటే అక్కణ్ణుంచి చదువు. తిరిగొచ్చాక అది ఏమందో నాకు చెప్పక్కర్లేదు. మీ అత్తకి చదివి వినిపించమ్మా, చాలు.